కూడబలుక్కోవడానికీ గడగడా చదవడానికీ నడుమ

అక్షరాలన్నీ వచ్చిన ఒక బిడ్డ పుస్తకం తెరిచి, వేలు కదుపుతూ, 'పి... ల్లి... గో... డ... దూ... కి... పె... ర... ట్లో... కి... పా... రి... పో... యిం... ది' అని చదువుతుంది. ఒక్క అక్షరమూ తప్పు పలకదు. చదవడం ముగిశాక 'పిల్లి ఎక్కడికి పోయింది?' అని అడిగితే బిక్కమొహం వేసి మళ్లీ పుస్తకంలోకి చూస్తుంది. పెద్దలు దీనికి సాధారణంగా చెప్పే కారణం 'ధ్యాస లేదు' అని. జరిగింది మాత్రం అందుకు పూర్తిగా భిన్నం. ధ్యాస ఉన్నదంతా అక్షరాలను గుర్తుపట్టి కూడబలుక్కోవడానికే ఖర్చయిపోయింది, అర్థం కోసం ఏమీ మిగల్లేదు.

ఈ సంగతిని 1974లో డేవిడ్ లాబెర్జ్, జే శామ్యూల్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. మనిషి ఒక క్షణంలో పెట్టగల ధ్యాసకు పరిమితి ఉంది. చదవడంలో కనీసం రెండు పనులు ఆ ధ్యాస కోసం పోటీ పడతాయి. వాటిలో మొదటిది, అంటే రాతను మాటగా మార్చుకోవడం, ప్రయత్నం లేకుండా జరిగే స్థితికి చేరినప్పుడే రెండోదానికి, అంటే అర్థం చేసుకోవడానికి, చోటు దొరుకుతుందని వారు చెప్పారు. బాగా చదవడం వచ్చినవారికి ఎదురుగా ఉన్న బోర్డు మీది మాటను చదవకుండా ఉండటం సాధ్యం కాదు, కన్ను పడీపడగానే అది మనసులో మోగుతుంది. ధారాళంగా చదవడం అంటే ఆ స్థితికి చేరడమే. అక్షరాలు నేర్పడం ఒక పని, నేర్చిన అక్షరాలను ఆ స్థితికి తీసుకురావడం మరొక పని. ఇళ్లలో ఎక్కువగా మొదటి పని పూర్తికాగానే రెండోది కూడా పూర్తయిందని అనుకుంటారు.

ధారాళతకు మూడు ముఖాలున్నాయి. మాటలను తప్పు లేకుండా పలకడం ఒకటి, ఆగిఆగి కాకుండా తగిన వేగంతో పలకడం రెండోది, మాట్లాడినట్టుగా విరుపులతో, స్వరంలో హెచ్చుతగ్గులతో పలకడం మూడోది. మొదటి రెండూ సులువుగా కనిపిస్తాయి కాబట్టి వాటి మీదే దృష్టి పడుతుంది. మూడోదాన్ని నాటకీయత అనుకొని వదిలేస్తారు. నిజానికి బిడ్డకు అర్థమవుతోందా లేదా అన్నది బయటపడేది అక్కడే. కామా దగ్గర, ఫుల్‌స్టాప్ దగ్గర ఆగకుండా, ప్రశ్ననూ జవాబునూ ఒకే గొంతుతో, రైలుబండిలా గడగడా చదివేసే పిల్లలు ధారాళంగా చదువుతున్నట్టు కాదు. వారు కూడబలుక్కోవడం మానేశారు, అంతే. ఆ గడగడను మెచ్చుకుంటే వేగమే గొప్ప అన్న పాఠం వారికి చాలా త్వరగా పడుతుంది.

విరుపు సంగతి తెలుగులో మరింత ముఖ్యం. 'రాత్రి కురిసిన వానకు తడిసిన గోడ మీద కూర్చున్న కాకి ఒక్కసారిగా అరిచింది' అన్న వాక్యం చూడండి. విశేషణాలన్నీ ముందు వరుసకట్టి, కర్త మధ్యలో ఎక్కడో వచ్చి, అసలు జరిగిన పని వాక్యం చివర తేలుతుంది. అంటే పాఠకుడు చివరి మాట వచ్చేదాకా ముందు మాటలన్నింటినీ మనసులో పట్టి ఉంచుకోవాలి. అక్షరానికి అర సెకను చొప్పున తీసుకునే బిడ్డ 'అరిచింది' దగ్గరికి చేరేసరికి 'రాత్రి కురిసిన' ఎప్పుడో జారిపోతుంది. క్రియ చివర వచ్చే భాషలో నెమ్మదితనానికి చెల్లించే మూల్యం ఎక్కువ. అదే వాక్యాన్ని 'రాత్రి కురిసిన వానకు / తడిసిన గోడ మీద / కూర్చున్న కాకి / ఒక్కసారిగా అరిచింది' అని నాలుగు ముక్కలుగా విరిచి చదివితే పట్టుకోవాల్సినవి పది మాటలు కాదు, నాలుగు బొమ్మలు. పెన్సిలుతో ఇలాంటి గీతలు గీసి ఇవ్వడం, కొన్నాళ్లకు ఆ గీతలు ఎక్కడ పడాలో బిడ్డనే గీయమనడం, చాలా చిన్న పనిగా కనిపించినా దానివల్ల దక్కేది తక్కువేమీ కాదు.

తెలుగు లిపి పెట్టే పరీక్షలు ఇంగ్లీషు పెట్టేవాటి లాంటివి కావు. అందుకే ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన సలహాలను ఉన్నవున్నట్టు తెచ్చుకుంటే సగమే పనికొస్తాయి. వర్ణమాల యాభై ఆరు అక్షరాలని చెప్పుకున్నా, బిడ్డ కంటికి ఎదురయ్యే ఆకారాలు అంతకు ఎన్నో రెట్లు. 35 హల్లులకు ఒక్కోదానికి పన్నెండు గుణింత రూపాలు లెక్కవేసినా 420 అవుతాయి, ఇక వత్తులు చేరితే లెక్క ఎక్కడికో పోతుంది. పైగా అన్ని ఆకారాలూ ఒక నియమానికి లొంగవు. 'కు, గు, చు' లలో కొమ్ము ఒకచోట ఉంటే 'పు, వు' లలో మరోచోట ఉంటుంది. 'కొ, గొ' నేర్చిన బిడ్డకు 'మొ, యొ' కొత్త అక్షరాల్లా కనబడతాయి. త, న, మ, య, ర, ల వత్తులకు వాటి అసలు అక్షరాలతో పోలిక ఉండదు. 'క్ర'లో రావత్తు ఎడమ వైపు నుంచి చుట్టుకొని వస్తుంది కాబట్టి కన్ను ముందు చూసేది చెవికి తరువాత వినబడాల్సిన ధ్వనిని. ద, ధ, డ, ఢ, బ, భ, ప, ఫ, ష వంటివి ఒక చిన్న గీత తేడాతో మారిపోతాయి.

తెలుగుకు సోదర లిపి అయిన కన్నడంలో చిన్నపిల్లల చదువును పరిశీలించి సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో గుర్తుంచుకోదగినది. ఇంగ్లీషు లాంటి భాషల్లో అక్షరాల పరిచయం బడిలో చేరిన తొలి రోజుల్లోనే దాదాపు ముగిసిపోతే, హల్లూ అచ్చూ కలిసి ఒకే ఆకారమయ్యే ఇలాంటి లిపుల్లో అది అనేక సంవత్సరాలు సాగుతుందని ఆ పరిశోధన చూపింది. రెండో తరగతిలో 'ష్ట', 'క్ష్మ', 'త్స్య' వంటి వాటి దగ్గర బిడ్డ ఆగితే అది వెనుకబాటు కాదు. ఆ ఆకారాన్ని ఆమె ఇప్పటిదాకా ఎన్నిసార్లు చూసి ఉంటుందో ఆలోచిస్తే చాలు.

ఇక్కడ ఒక మంచి వార్త, దాని వెంటే ఒక హెచ్చరిక కూడా ఉన్నాయి. మంచి వార్త ఏమిటంటే తెలుగులో రాసినట్టే పలుకుతారు. ఫిలిప్ సేమూర్ బృందం 2003లో పదమూడు యూరప్ భాషల పిల్లలను పోల్చినప్పుడు, రాతకూ ఉచ్చారణకూ పొందిక ఉన్న భాషల్లో చాలామంది పిల్లలు మొదటి తరగతి ముగిసేసరికే తప్పుల్లేకుండా చదవగలుగుతున్నారనీ, ఇంగ్లీషులో అదే పునాదికి రెండింతలకు మించి సమయం పడుతోందనీ తేలింది. హెచ్చరిక ఏమిటంటే, ఇలాంటి భాషల్లో చదువుకు సంబంధించిన ఇబ్బంది తప్పుల రూపంలో కాక నెమ్మది రూపంలో దాక్కుంటుంది. జర్మన్ చదివే పిల్లల మీద హైంజ్ విమ్మర్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకున్నా చదవడం మాత్రం కష్టమయ్యే స్థితి, ఉన్నవారు కూడా చాలావరకు సరిగానే చదివారు, కాని చాలా నెమ్మదిగా చదివారు. 'తప్పుల్లేకుండా చదువుతోంది కదా' అన్న మాటతో ఇంట్లోవాళ్లు తృప్తిపడే ప్రమాదం తెలుగులో ఇందుకే ఎక్కువ.

తెలుగులో ధారాళతను అడ్డగించే అసలు గోడ, చాలామంది అనుకున్నట్టు, ఒత్తక్షరాలు కాదు, పొడుగు మాటలు. 'తెచ్చుకోలేకపోయారట' అన్నది రాతలో ఒక్క మాట, తొమ్మిది అక్షరాలు. అందులో తేవడం ఉంది, తనకోసం అన్న అర్థం ఉంది, చేతకాకపోవడం ఉంది, కాలం ఉంది, మర్యాద ఉంది, ఎవరో చెప్పగా విన్నదన్న సూచన కూడా ఉంది. నోటి మాటగా ఇది ఏ అయిదేళ్ల బిడ్డకైనా సులువే. కాగితం మీద మాత్రం అక్షరం తరువాత అక్షరంగా దాన్ని ఎక్కబోయి సగం దారిలో మొదలు మరిచిపోతుంది. ఇక్కడ చేయాల్సింది 'మళ్లీ మొదటి నుంచి చదువు' అనడం కాదు. వేలితో మిగతాది మూసి 'తెచ్చుకో' చూపించాలి, ఆ తరువాత 'లేక', ఆ తరువాత 'పోయారట'. ఆ మూడూ విడివిడిగా వచ్చాక ఒక్క ఊపులో పలకమనాలి. సంధి కలిసిన చోట కూడా ఇదే పద్ధతి. 'వెళ్లాల్సివచ్చిందన్నాడు' అన్న మాటలో 'వచ్చింది', 'అన్నాడు' అన్నవి దాగి ఉన్నాయని ఒకసారి చూసిన కన్ను తరువాత 'తిన్నానన్నాడు', 'పడిందన్నాడు' లలో దాన్ని తానే వెతుక్కుంటుంది. లేక, కోవడం, పోవడం, ఉన్నప్పుడు, అంటే, అట వంటి తోకలు పదేపదే వచ్చేవే. వాటిని ఒక్క చూపులో పట్టుకోవడం వస్తే పొడుగు మాటల్లో సగం బరువు తగ్గుతుంది. గుణింతాల పట్టికను వందోసారి అప్పజెప్పించడానికి పెట్టే సమయం దీని మీద పెడితే ఫలితం ఎక్కువ ఉంటుంది. పట్టికలో వరుసక్రమం చెబుతుంది కాబట్టి 'కి' తరువాత 'కీ' వస్తుందని నోటికి తెలుసు. పుస్తకంలో ఆ వరుస ఉండదు.

ఇంతకీ ఇంట్లో పెద్దలు చేయగలిగింది ఏమిటి? ఎక్కువ పుస్తకాలు కొనడం, ఎక్కువ పేజీలు చదివించడం అన్నది తోచే మొదటి జవాబు. పరిశోధన మొగ్గు చూపేది మాత్రం దానికి కొంత భిన్నమైన దారి వైపు: ఒకే చిన్న భాగాన్ని, బయటికి, పక్కన ఒక పెద్దవారు వింటుండగా, కొన్నిసార్లు మళ్లీ మళ్లీ చదవడం. ఈ పద్ధతిని జే శామ్యూల్స్ 1979లో ఉపాధ్యాయుల కోసం వివరంగా రాశారు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కూడబెట్టి పరిశీలించి 2000లో ఇచ్చిన నివేదికలో కూడా, పెద్దల తోడుతో బయటికి పదేపదే చదవడం మాటలను గుర్తించడానికీ, ధారాళతకూ, అవగాహనకూ మేలు చేస్తోందని నిర్ధారించింది. పిల్లలను ఒంటరిగా, మౌనంగా చదువుకొమ్మని వదిలేయడం వల్ల ధారాళత పెరుగుతుందనడానికి మాత్రం అదే ప్యానెల్‌కు తగినంత ఆధారం దొరకలేదు. మౌనపఠనం వృథా అని దీనర్థం కాదు. ఇంకా తడబడే దశలో అది ఒక్కటే సరిపోదని మాత్రమే.

ఆచరణలో ఇది పది పదిహేను నిమిషాల పని. కథలోంచి నలభై, యాభై మాటల భాగం తీసుకుంటే చాలు. ముందు పెద్దవారు దాన్ని హాయిగా, విరుపులతో చదివి వినిపించాలి. అది ఎలా మోగాలో బిడ్డ చెవికి తెలియకుండా దాన్ని మోగించమనడం న్యాయం కాదు. తరువాత ఇద్దరూ కలిసి, ఆ తరువాత బిడ్డ ఒక్కతే. మర్నాడు అదే భాగం మరోసారి, ఎల్లుండి ఇంకోసారి. మూడు నాలుగు సార్లు అయ్యాక సాధారణంగా అందులో పెరగాల్సింది పెరిగిపోతుంది, ఆపైన సాగదీస్తే విసుగే మిగులుతుంది. మొదటిసారి కుంటిన వాక్యం మూడోసారి నడవడం బిడ్డకు తన చెవులతోనే వినబడుతుంది. ఏ మెచ్చుకోలూ దానికి సాటి రాదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది, అది సహేతుకమైనదే: ఇది బట్టీ కాదా? మూడోసారికి బిడ్డ చదువుతోందా, అప్పజెబుతోందా? దీన్ని తెలుసుకోవడం కష్టం కాదు. ఆ భాగం మధ్యలోని ఏదో ఒక మాట మీద వేలు పెట్టి అదేమిటో అడగాలి, లేదా చివరి వాక్యాన్ని ముందు చదివించాలి. చెప్పగలిగితే కన్ను పని చేస్తోంది. వాక్యం మొదటి నుంచి గొణుక్కుంటూ వస్తే తప్ప ఆ మాట దొరకకపోతే నోరు మాత్రమే పని చేస్తోంది, అప్పుడు మరోభాగానికి మారాలి. మాట మీద చూపు పడకుండా నోటికి వచ్చిన వాక్యం ఎంత అందంగా ఉన్నా అది చదువు లెక్కలోకి రాదు. అలాగని కొంత కంఠతా రావడం పట్ల అంతగా భయపడాల్సిన పని లేదు; నోటికి ముందే తెలిసిన మాటను కంటితో పదేపదే చూడటం వల్లనే ఆ మాట ఆకారం మనసులో నాటుకుంటుంది. పిల్లలకు నోటికి వచ్చిన పాటలూ పద్యాలూ అచ్చులో చూపించి చదివించడం మంచి ఆరంభం కావడానికి కారణం కూడా ఇదే.

ఇద్దరూ కలిసి చదివే పద్ధతికి ఇంగ్లండులో 1970ల నడుమ రోజర్ మోర్గన్ ఒక రూపమిచ్చారు, తరువాత కీత్ టాపింగ్ దాన్ని తల్లిదండ్రులకు నేర్పదగిన విధంగా వ్యాప్తిలోకి తెచ్చారు. నియమాలు రెండు మూడే. బిడ్డ ఎంచుకున్న పుస్తకాన్ని ఇద్దరూ ఒకే గొంతుగా చదువుతారు. తాను ఒంటరిగా చదవగలనని అనిపించినప్పుడు బిడ్డ ముందుగా అనుకున్న ఒక సైగ, చేతి మీద తట్టడం వంటిది, చేస్తుంది. పెద్దవారు వెంటనే గొంతు ఆపేస్తారు. బిడ్డ ఒక మాట దగ్గర నాలుగైదు సెకన్లకు మించి ఆగిపోతే లేదా తప్పు పలికి తానుగా దిద్దుకోలేకపోతే పెద్దవారు ఆ మాట చెబుతారు, బిడ్డ దాన్ని తిరిగి పలుకుతుంది, మళ్లీ ఇద్దరి గొంతులూ కలుస్తాయి. మందలింపు లేదు, అక్షరాలు విడగొట్టి విచారించడం లేదు, కథ తెగదు. పద్ధతిలోని తెలివి ఆ తట్టడంలో ఉంది: ఎప్పుడు ఒంటరిగా నడవాలో నిర్ణయించేది బిడ్డే.

తప్పు దొర్లినప్పుడు పక్కనున్నవారు ఏం చేస్తారన్నది ఎన్ని పేజీలు చదివించారన్న దానికన్నా ముఖ్యం. చాలామంది పెద్దలకు బిడ్డ నోరు తెరిచి ఆగీఆగకముందే మాట అందించే అలవాటు ఉంటుంది. ప్రేమతోనే అందిస్తారు, కాని ఆ రెండు సెకన్లలో బిడ్డ మనసులో జరగబోతున్న పనిని లాగేసుకుంటారు. నాలుగు వరకు లోలోపల లెక్కపెట్టుకొని అప్పుడు చెప్పడం మంచిది. పుస్తకంలో 'వెళ్ళెను' అని ఉంటే బిడ్డ 'వెళ్లింది' అని చదివిందనుకుంటే అక్కడ ఆపడం అనవసరం. ఆమె గ్రాంథిక రూపాన్ని చూసి తన నోటి మాటలోకి మార్చి చెప్పింది, అర్థం కాకపోతే అలా మార్చగలిగేది కాదు. 'పాలు' అన్నచోట 'పూలు' అంటే వాక్యం చివరిదాకా ఆగి, 'పిల్లి పూలు తాగిందా?' అని నవ్వుతూ అడిగితే చాలు, తప్పు ఎక్కడో తానే వెతుక్కుంటుంది. తన తప్పును తాను పట్టుకోవడం అర్థాన్ని వెంబడిస్తూ చదవడానికి గుర్తు.

ఒక పాత సలహాను ఇక్కడే పక్కన పెట్టాలి. తెలియని మాట వస్తే బొమ్మ చూసి, సందర్భం చూసి ఊహించమని చెప్పడం చాలాకాలం మంచి పద్ధతిగా చలామణీ అయింది. చదవడమంటే ఒక రకమైన ఊహించే ఆట అని 1967లో కెన్నెత్ గుడ్‌మన్ ప్రతిపాదించిన భావన దీని వెనుక ఉంది. తరువాత జరిగిన పరిశోధన దీనికి ఎదురు తిరిగింది. బాగా చదివేవారు మాటను గుర్తించడానికి ఊహ మీద ఆధారపడరు, ఆ అవసరమే రాదు. మాటలను గుర్తించడంలో బలహీనంగా ఉన్నవారే సందర్భాన్ని ఊతకర్రగా వాడుకుంటారు. బొమ్మలో కుక్క ఉంది కాబట్టి 'శునకం' అన్న మాటను 'కుక్క' అని చదివిన బిడ్డకు కథ సాగుతుంది, కాని 'శు' అన్న అక్షరంతో పరిచయం జరగదు. అర్థం సరిపోయిందో లేదో చూసుకోవడానికి సందర్భం పనికొస్తుంది, మాటను పలకడానికి మాత్రం అక్షరాలే ఆధారం. పైన చెప్పిన 'వెళ్ళెను' సంగతి వేరు. అక్కడ బిడ్డ అక్షరాలను చూసే మార్చింది.

ఏ పుస్తకం ఇవ్వాలన్న దగ్గర పెద్దల ఆశ తరచు అడ్డుపడుతుంది. ఎమెట్ బెట్స్ 1946లో ఇచ్చిన కొలత నేటికీ వాడుకలో ఉంది: వంద మాటల్లో 99 దాకా సరిగా చదవగలిగేది బిడ్డ ఒంటరిగా చదువుకోదగినది, 95 దాకా వచ్చేది తోడుతో చదవదగినది, 90కి లోపు పడిపోయేది విసుగు పుట్టించేది. అంటే ఇరవై మాటలకు ఒకటికి మించి తప్పు పోతుంటే, పక్కన మనిషి ఉన్నా ఆ పుస్తకం బరువైనదే. ధారాళత కోసం చేసే సాధనకు బిడ్డ స్థాయికన్నా కొంచెం తేలికైన పుస్తకమే మేలు. 'ఇది రెండో తరగతి పుస్తకం, మా అమ్మాయి మూడో తరగతి' అన్న పట్టుదలతో బరువైనది చేతిలో పెడితే ఆమె రోజూ చేసే సాధన తడబాటుకే అవుతుంది. ఇష్టమైన పాత కథల పుస్తకాన్ని నలభయ్యోసారి తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వాలి. విసుగు పెద్దలకే తప్ప బిడ్డకు కాదు. బాగా చదివేవారు ఎక్కువ చదువుతారు, అందువల్ల మరింత బాగా చదువుతారు, తడబడేవారు తప్పించుకుంటారు, అందువల్ల మరింత వెనకబడతారు. బైబిల్లోని మత్తయి సువార్తలో 'ఉన్నవారికే మరింత ఇవ్వబడుతుంది' అని ఉన్న మాటను బట్టి కీత్ స్టానోవిచ్ 1986లో ఈ చక్రానికి మత్తయి ప్రభావం అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. తేలికైన పుస్తకం ఆ చక్రాన్ని సరైన వైపు తిప్పే చిన్న సాధనం.

వేగాన్ని కొలవాలా అన్నది తరువాతి ప్రశ్న. ఇంగ్లీషు కోసం జాన్ హాస్‌బ్రూక్, జెరాల్డ్ టిండాల్ 2017లో సవరించి ప్రచురించిన పట్టిక ప్రకారం, అమెరికాలో రెండో తరగతి చివర మధ్యస్థంగా ఉన్న బిడ్డ నిమిషానికి 100 మాటలు, మూడో తరగతి చివర 112 మాటలు సరిగా చదువుతుంది. ఈ అంకెలను తెలుగు పిల్లల మీద రుద్దితే ఫలితం అన్యాయంగా ఉంటుంది. 'రాలేకపోయాడు' అన్న ఒక్క మాట చెప్పేది ఇంగ్లీషులో నాలుగైదు మాటలవుతుంది. మాటల లెక్కలో తెలుగు బిడ్డ ఎప్పుడూ నెమ్మదిగానే కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, గడియారం ఎదురుగా పెట్టగానే బిడ్డ కథను వదిలి గడియారంతో పరుగు పెడుతుంది. మార్పును చూడాలనుకుంటే ఫోన్‌లో నెలకొకసారి, ఇంచుమించు ఒకే స్థాయి పేజీని చదువుతుండగా గొంతు రికార్డు చేసి, మూడు నెలల తరువాత మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన వింటే సరిపోతుంది. ఎక్కడ విరుస్తోంది, ఎన్నిసార్లు వెనక్కి వస్తోంది, సంభాషణల్లో గొంతు మారుతోందా అన్నవి అంకెలకన్నా ఎక్కువ చెబుతాయి. మరో సరదా పరీక్ష కూడా ఉంది: బిడ్డ పైకి చదువుతుండగా హఠాత్తుగా పేజీ మీద చేయి అడ్డం పెట్టాలి. ధారాళంగా చదివేవారి కన్ను గొంతుకన్నా ముందు నడుస్తుంది కాబట్టి వారు ఇంకో ఒకటి రెండు మాటలు పలకగలుగుతారు. కూడబలుక్కునేవారు చేయి పడిన అక్షరం దగ్గరే ఆగిపోతారు.

ఇంతా చెప్పాక, ధారాళత అన్నింటికీ మందు కాదన్నది కూడా చెప్పాలి. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో చదివి అర్థం చేసుకోవడాన్ని ఒక గుణకారంగా చూపించారు: రాతను మాటగా మార్చుకునే శక్తి ఒకవైపు, విన్న భాషను అర్థం చేసుకునే శక్తి మరొకవైపు. రెండింటిలో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. చక్కగా చదివి ఏమీ చెప్పలేని బిడ్డకు అదే భాగాన్ని పెద్దవారు చదివి వినిపించి అడిగి చూడాలి. విన్నప్పుడు చెప్పగలిగితే లోపం చదవడంలో ఉంది, పైన చెప్పిన సాధన పనికొస్తుంది. విన్నప్పుడు కూడా చెప్పలేకపోతే లోపం భాషలో, మాటల సంపదలో ఉంది. ఎన్నిసార్లు చదివించినా అది తీరదు. పుస్తకాల తెలుగుకూ ఇంటి మాటకూ దూరం ఉన్నందువల్ల ఇది అరుదైన సంగతేమీ కాదు. 'సమీపించి', 'గ్రహించి', 'పయనమై' వంటివి ఇంట్లో ఎవరి నోటా వినని మాటలు. మొదటిసారి కాగితం మీదే ఎదురైతే వాటిని గుర్తుపట్టడానికి చెవిలో ఏ జాడా ఉండదు. అందుకే బిడ్డకు చదవడం వచ్చింది కదా అని చదివి వినిపించడం మానేయడం తొందరపాటు. ఆమె తాను చదవగలిగినదానికన్నా రెండు మూడేళ్లు పైస్థాయి కథలను వినగలదు, రేపు చదవబోయే మాటలు ఈరోజు చెవికి చేరేది అలాగే.

తెరల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కథను వినిపిస్తూ మాటలను వెలిగించి చూపే యాప్‌లు, పాటల కింద సాహిత్యం నడిచే వీడియోలు, కన్ను ఆ అక్షరాల మీద ఉన్నంతవరకు పనికొస్తాయి. కన్ను బొమ్మ మీద ఉండి చెవి మాత్రమే పని చేస్తుంటే అది వినడమే, చదువు కాదు. రెండు లిపులు ఒకేసారి నేర్చుకుంటున్న పిల్లలకు మాటల్లోని ధ్వనులను విడదీసి గుర్తించే నేర్పు ఒక భాష నుంచి మరోదానికి సాయంగా వెళుతుంది గాని, అక్షరాలను చూడగానే పట్టే వేగం వెళ్లదు. తెలుగు ధారాళత తెలుగు చదివితేనే వస్తుంది.

కొన్ని నెలల పాటు దాదాపు రోజూ, తగిన పుస్తకంతో, ఓపికతో సాధన చేయించినా మార్పు కనబడకపోతే కారణం మరోచోట వెతకాలి. మొదట చూపించాల్సింది కళ్లు, వినికిడి. ఇవి చాలా మామూలు కారణాలు, చాలా ఆలస్యంగా గుర్తుకొచ్చేవి. అవి బాగానే ఉండి, తెలిసిన రంగుల పేర్లో వస్తువుల పేర్లో వరుసగా చెప్పమన్నా అసాధారణంగా నెమ్మదిగా చెబుతుంటే, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు చదవడం కష్టమై ఉంటే, డిస్లెక్సియా గురించి తెలిసిన నిపుణులకు చూపించడం మంచిది. పేర్లను చకచకా చెప్పే వేగానికీ చదివే వేగానికీ సంబంధం ఉందని 1976లో మార్తా డెంక్లా, రీటా రూడెల్ చూపినప్పటి నుంచి అలాంటి పరీక్ష నిపుణుల సాధనాల్లో ఒకటైంది. బడిలో చెప్పిన 'బద్ధకం' అన్న మాటను అక్కడికి వెంట తీసుకెళ్లడం కన్నా, నెలనెలా రికార్డు చేసిన ఆ గొంతులను తీసుకెళ్లడం మేలు. ఎక్కడ ఆగుతోందో, ఎంతసేపు ఆగుతోందో అందులోనే ఉంటుంది.